కప్పలు మూగబోకముందే.. చర్మంపై నిఘా
అడవి వాగుల్లో అర్ధరాత్రి సర్వేలు.. దూది పుల్లతో వ్యాధి నిర్ధారణ

హైదరాబాద్: తొలకరి జల్లు పడిన రాత్రి చెరువు గట్టున కప్పల బెకబెకలు వినిపించని పల్లె ఉండదు. వానలు ముఖం చాటేసిన ఏడాది కప్పను రోకలికి కట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ కప్పతల్లి ఆడే ఆచారం తెలుగు నాట తరతరాలుగా ఉంది. వానకూ కప్పకూ అంతటి ముడి వేసిన సమాజం మనది. అలాంటి కప్పలు ఒక వాగు పొడవునా కొద్ది నెలల్లోనే చచ్చి, ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడ ఒక్క అరుపూ వినిపించకపోతే? ఇది ఊహ కాదు. మధ్య అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ సరిగ్గా ఇదే జరిగింది. కారణం కంటికి కనిపించని ఒక శిలీంధ్రం.

ఈ ముప్పును పసిగట్టేందుకు ప్రపంచవ్యాప్తంగా శాస్త్రవేత్తలు అడవుల్లో, వాగుల వెంట రాత్రిళ్లు తిరుగుతూ కప్పల చర్మంపై దూది పుల్లతో నమూనాలు సేకరిస్తున్నారు. పశ్చిమ కనుమల్లో ఈ శిలీంధ్రం ఉన్నట్లు ఇప్పటికే తేలింది. దానిని కచ్చితంగా గుర్తించే పరీక్షకు హైదరాబాద్‌లోని ప్రయోగశాల రూపమివ్వడం విశేషం. ఇంతకూ ఏమిటీ వ్యాధి? సర్వే ఎలా చేస్తారు? కప్పలు ఆరోగ్యంగా కనిపిస్తున్నప్పుడే ఎందుకు చేయాలి?

చర్మమే ప్రాణం.. అక్కడే దెబ్బ

కప్పకు చర్మం కేవలం పైతొడుగు కాదు. అది నోటితో నీళ్లు తాగదు. చర్మం ద్వారానే నీటిని పీల్చుకుంటుంది. శ్వాసక్రియలో కొంత భాగం, రక్తంలో లవణాల సమతుల్యత కూడా చర్మం మీదే ఆధారపడి ఉంటాయి. బాట్రకోకైట్రియం డెండ్రోబాటిడిస్ అనే శిలీంధ్రం సరిగ్గా ఆ చర్మం మీదే దాడి చేస్తుంది. వాడుకలో దీనిని కైట్రిడ్ శిలీంధ్రం అంటున్నారు.

ఈ శిలీంధ్రం విడుదల చేసే గమన సిద్ధబీజాలు తోక సాయంతో నీటిలో ఈదుతాయి. కప్ప చర్మం పైపొరలోని కెరటిన్ ఉన్న కణాల్లోకి చొరబడి పెరుగుతాయి. కొద్ది రోజులకు అక్కడి నుంచి మళ్లీ కొత్త సిద్ధబీజాలు నీటిలోకి వస్తాయి. చర్మం మందగించి, లవణాలను నియంత్రించే శక్తిని కోల్పోతుంది. రక్తంలో సోడియం, పొటాషియం పరిమాణాలు పడిపోయి చివరకు గుండె ఆగిపోతుందని 2009లో ఆస్ట్రేలియా పచ్చ చెట్టుకప్పలపై జరిపిన పరిశోధనలో తేలింది. తోకకప్పల్లో కెరటిన్ నోటి భాగంలో మాత్రమే ఉంటుంది. అందువల్ల వాటిలో చాలావరకు చావవు కానీ, శిలీంధ్రాన్ని మోసుకుంటూ తిరుగుతాయి. ఈ శిలీంధ్రం మనుషులకు సోకదు.

కారణం తెలిసేసరికే ఆలస్యం

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వర్షారణ్యాల్లో 1970ల చివరి నుంచే కప్పలు అంతుచిక్కని రీతిలో మాయమవడం మొదలైంది. చెట్లు అలాగే ఉన్నాయి. వాగులు అలాగే పారుతున్నాయి. కప్పలు మాత్రం లేవు. కరవని కొందరు, కాలుష్యమని కొందరు అనుమానించారు. ఆస్ట్రేలియా, మధ్య అమెరికాల్లో చనిపోయిన కప్పల చర్మాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలించిన శాస్త్రవేత్తలు 1998లో అసలు కారణాన్ని వెల్లడించారు. వాషింగ్టన్ జాతీయ జంతుప్రదర్శనశాలలో మరణించిన నీలి విషకప్ప నుంచి వేరుచేసిన శిలీంధ్రానికి 1999లో అమెరికా శిలీంధ్ర శాస్త్రవేత్త జాయిస్ లాంగ్‌కోర్, ఆమె సహచరులు పేరు పెట్టారు. మరణాలు మొదలైన దాదాపు రెండు దశాబ్దాలకు గానీ హంతకుడెవరో తెలియలేదన్నమాట.

ఆ తర్వాత లెక్కలు తీస్తే గుండెలు అదిరే వాస్తవాలు బయటపడ్డాయి. ఈ వ్యాధి వల్ల కనీసం 501 ఉభయచర జాతుల సంఖ్య తగ్గిందని, వాటిలో 90 జాతులు అంతరించి ఉండవచ్చని 2019లో అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం అంచనా వేసింది. ఒక్క వ్యాధి ఇన్ని జీవజాతులను దెబ్బతీసిన ఉదంతం మరొకటి నమోదు కాలేదు. ఈ శిలీంధ్రం పుట్టిల్లు తూర్పు ఆసియా అని, 20వ శతాబ్దంలో ఉభయచరాల వ్యాపారంతో పాటే ఖండాలు దాటిందని 2018లో జరిగిన జన్యు అధ్యయనం పేర్కొంది.

ఎల్ కోపె నేర్పిన పాఠం

సర్వే విలువ ఏమిటో చెప్పేందుకు పనామా దేశంలోని ఎల్ కోపె అడవిని మించిన ఉదాహరణ లేదు. పొరుగున ఉన్న కోస్టారికాలో మొదలైన మరణాలు పడమర నుంచి తూర్పుకు అలలా సాగుతున్నాయని అమెరికా పరిశోధకురాలు కారెన్ లిప్స్ గమనించారు. 1996-97లో పశ్చిమ పనామాలోని ఫోర్తూనా వద్ద చచ్చిన కప్పలు కనిపించాయి. ఆ లెక్కన తర్వాతి వంతు ఎల్ కోపెదే. దీంతో ఆమె బృందం 1998 నుంచే అక్కడి వాగుల్లో కప్పలను లెక్కించడం ప్రారంభించింది. చర్మ నమూనాలు సేకరించి పరీక్షించింది. ఏళ్ల తరబడి ఒక్క నమూనాలోనూ వ్యాధి జాడ లేదు.

2004 సెప్టెంబరులో తొలిసారి వ్యాధి సోకిన కప్ప దొరికింది. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే వాగుల వెంట కప్పల కళేబరాలు తేలాయి. అంతకుముందు అక్కడ నమోదైన 63 ఉభయచర జాతుల్లో 25 జాతులు మళ్లీ కనిపించలేదు. దాచి ఉంచిన నమూనాల డీఎన్‌ఏను తర్వాత విశ్లేషించగా, శాస్త్రానికి తెలియని మరో 5 జాతులు కూడా ఆ మరణాల్లోనే కనుమరుగయ్యాయని 2010లో తేలింది. పేరు పెట్టకముందే పోయిన జీవులవి.

ముందుగా సర్వే లేకపోయి ఉంటే ఎల్ కోపెలో ఏం పోయిందో కూడా తెలిసేది కాదు. అంతేకాదు. అల తూర్పుకు వస్తోందని ముందే తెలియడం వల్ల, తర్వాతి మజిలీ అయిన ఎల్ వాయె ప్రాంతంలో కప్పలను ముందుగానే పట్టి సంరక్షణ కేంద్రాలకు చేర్చగలిగారు. 2006లో వ్యాధి ఎల్ వాయెకు చేరింది. పనామా జాతీయ చిహ్నమైన బంగారు కప్ప 2009 తర్వాత అడవిలో కనిపించలేదు. సంరక్షణ కేంద్రాల్లో మాత్రం ఇప్పటికీ బతికి ఉంది.

సర్వే సాగేదిలా..

ఉభయచరాలు ఎక్కువగా రాత్రిపూట, వానాకాలంలో బయటకు వస్తాయి. అందుకే సర్వే బృందాలు చీకటి పడ్డాక తలకు దీపాలు కట్టుకుని వాగు వెంట నిర్ణీత దూరం మేర నెమ్మదిగా నడుస్తాయి. కంటపడిన ప్రతి కప్పనూ, వినిపించిన ప్రతి అరుపునూ నమోదు చేస్తాయి. నమూనా సేకరణకు కప్పను పట్టడంలో ఒక కచ్చితమైన నియమం ఉంది. ఒక్కో కప్పకు ఒక్కో కొత్త చేతి తొడుగు. ఒకదాన్ని పట్టిన తొడుగుతో మరొకదాన్ని తాకితే, సర్వే చేసేవారే వ్యాధిని అంటించినట్లవుతుంది. నమూనాలు కలగలిసి ఫలితమూ తప్పుతుంది.

కరోనా కాలంలో ముక్కులోంచి నమూనా తీసిన పుల్ల అందరికీ గుర్తుండే ఉంటుంది. ఇక్కడా అలాంటిదే వాడతారు. శుభ్రమైన దూది పుల్లతో కప్ప పొట్ట అడుగున, తొడల లోపలి వైపు, వెనుక కాళ్ల వేళ్ల మధ్య ఉండే పలుచని పొరపైన నిర్ణీత సంఖ్యలో రుద్దుతారు. శిలీంధ్రం ఎక్కువగా ఉండేది ఈ భాగాల్లోనే. తోకకప్పలకైతే నోటి వద్ద రుద్దుతారు. పుల్లను చిన్న గొట్టంలో పెట్టి మూత బిగించి సంఖ్య వేస్తారు. జాతి, ఆడదా మగదా, శరీరం పొడవు, బరువు, సమయం, నీటి ఉష్ణోగ్రత, ఆ స్థలం అక్షాంశ రేఖాంశాలు పుస్తకంలో రాస్తారు. ఆ వెంటనే కప్పను పట్టిన చోటే వదిలిపెడతారు. రక్తం తీయనక్కర లేదు. కప్పను చంపనక్కర లేదు.

ప్రయోగశాలకు చేరిన పుల్లల నుంచి డీఎన్‌ఏను వేరుచేసి పీసీఆర్ పద్ధతిలో పరీక్షిస్తారు. శిలీంధ్రం ఉందా లేదా అన్నదే కాదు, ఎంత మోతాదులో ఉందో కూడా ఈ పరీక్ష చెబుతుంది. మోతాదు చాలా ముఖ్యం. కొద్దిపాటి శిలీంధ్రంతో కప్ప ఆరోగ్యంగానే తిరగవచ్చు. మోతాదు ఒక స్థాయిని మించితే మరణం తప్పదు. ఇటీవలి కాలంలో వాగు నీటిని వడపోసి, అందులో కొట్టుకువచ్చే డీఎన్‌ఏ ద్వారా శిలీంధ్రం జాడ పట్టే పద్ధతి కూడా వాడుకలోకి వచ్చింది.

‘దొరకలేదు’ అంటే ‘లేదు’ అని కాదు

సర్వేలో కీలకమైన ప్రశ్న ఒకటుంది. ఎన్ని కప్పలను పరీక్షిస్తే సరిపోతుంది? ఉదాహరణకు ఒక లోయలో ప్రతి 100 కప్పల్లో 5 కప్పలకు వ్యాధి సోకిందనుకుందాం. పది కప్పలను పట్టి పరీక్షిస్తే, ఒక్కదానిలోనూ శిలీంధ్రం దొరకకపోయే అవకాశం దాదాపు 60 శాతం. అంటే వ్యాధి ఉన్నా లేదనే పొరపాటు అభిప్రాయం సగానికి పైగా సందర్భాల్లో కలుగుతుంది. కనీసం 59 కప్పలను పరీక్షించి, ఒక్కదానిలోనూ దొరకకపోతేనే 95 శాతం నమ్మకంతో మాట్లాడగలం. వ్యాధి నూటికి ఒక్కదానికే సోకి ఉంటే పరీక్షించాల్సిన సంఖ్య 299కి చేరుతుంది. పరీక్ష ఎప్పుడూ తప్పదని అనుకుంటేనే ఈ లెక్క. పరీక్ష కొన్నింటిని పట్టుకోలేకపోతే మరిన్ని నమూనాలు కావాలి.

రుతువు ప్రభావమూ ఉంటుంది. ఈ శిలీంధ్రం 17 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పెరుగుతుంది. 30 డిగ్రీలకు దగ్గరవుతున్న కొద్దీ బలహీనపడుతుంది. పూర్తిగా ఎండిపోతే చనిపోతుంది. ఎండాకాలంలో చేసిన సర్వేలో ఏమీ దొరకని చోటే చల్లటి నెలల్లో దొరకవచ్చు. అందుకే ఒకసారి వెళ్లి వచ్చి ‘ఇక్కడ వ్యాధి లేదు’ అని తేల్చేయకూడదు. ఒకే చోట, ఒకే పద్ధతిలో ఏళ్ల తరబడి చేస్తేనే సర్వేకు అర్థం ఉంటుంది. ఎల్ కోపెలో ఆరేళ్లపాటు ‘దొరకలేదు’ అని రాసుకున్న పుస్తకాలే, ఏడో ఏట వచ్చిన మార్పుకు సాక్ష్యమయ్యాయి.

మన దేశంలో పరిస్థితి

భారత్‌లో ఈ శిలీంధ్రం ఉన్నట్లు 2011లో వెల్లడైంది. పశ్చిమ కనుమలకే పరిమితమైన ఇండిరానా ప్రజాతి కప్పల్లో దీనిని గుర్తించారు. ఉత్తర పశ్చిమ కనుమల్లోని అరుదైన కప్పలకూ ఇది సోకినట్లు 2013లో మరో అధ్యయనం తెలిపింది. పశ్చిమ కనుమల్లో ఇది విస్తృతంగానే ఉందని 2015లో తేలింది. అయితే పనామాలో మాదిరిగా మూకుమ్మడి మరణాలు మన దేశంలో ఇంతవరకు నమోదు కాలేదు. ఇక్కడ దొరికిన రకాలు ఆసియాకు చెందినవి కావడం, మన కప్పలు చాలాకాలంగా వాటితో కలిసి బతుకుతుండటం ఇందుకు కారణం కావచ్చని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

అంతమాత్రాన నిశ్చింతగా ఉండే వీల్లేదు. ప్రపంచాన్ని వణికించినది వేరే రకం. వ్యాపారం ద్వారా ఒకచోటి రకం మరోచోటికి చేరితే, అక్కడి కప్పలకు దానిని తట్టుకునే శక్తి లేకపోవచ్చు. దీనికి తోడు 2013లో రెండో శిలీంధ్రం బయటపడింది. నెదర్లాండ్స్‌లో 2010 నుంచి అగ్ని సాలమాండర్లను తుడిచిపెడుతున్నది అదేనని తేలింది. ఆసియా నుంచి పెంపుడు జంతువుల వ్యాపారంలో అది ఐరోపాకు చేరిందని భావిస్తున్నారు. అది తమ దేశంలోకి రాకుండా 2016లో అమెరికా 201 సాలమాండర్ జాతుల దిగుమతిని నిషేధించింది.

హైదరాబాద్ ప్రయోగశాల ముందడుగు

ప్రపంచమంతటా వాడుతున్న పీసీఆర్ పరీక్ష తొలుత ఆస్ట్రేలియాలో 2004లో రూపొందింది. ఆసియా రకాల్లో జన్యుపరమైన వైవిధ్యం ఎక్కువ కావడంతో ఆ పరీక్ష కొన్నిసార్లు వాటిని పట్టుకోలేకపోతోంది. కప్పపై శిలీంధ్రం ఉన్నా లేదని ఫలితం వస్తే సర్వే శ్రమంతా వృథా. ఈ లోటును పూడ్చేందుకు హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆసియా రకాలనూ గుర్తించే కొత్త పరీక్షను అభివృద్ధి చేసి 2025లో ప్రకటించారు. సీసీఎంబీకి అనుబంధంగా అత్తాపూర్‌లో అంతరించిపోతున్న జీవజాతుల సంరక్షణ ప్రయోగశాల లాకోన్స్ పనిచేస్తున్న సంగతి తెలిసిందే.

ఈ ముందడుగు మన కొండ ప్రాంతాలకూ ఉపయోగపడగలదు. మైదాన జిల్లాల్లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అది శిలీంధ్రానికి గిట్టని వాతావరణం. తూర్పు కనుమల్లోని అరకు, పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి వంటి చోట్ల పరిస్థితి వేరు. అక్కడి నీడ వాగులు చల్లగా ఉంటాయి. ఉష్ణోగ్రత లెక్క ప్రకారం చూస్తే నిఘాకు తొలి ప్రాధాన్యం ఇవ్వాల్సింది అలాంటి వాగులకే. వ్యాధి వచ్చాక వెతకడం కంటే, వాగులు కళకళలాడుతున్నప్పుడే ఏయే కప్పలు ఎన్నెన్ని ఉన్నాయో రాసి పెట్టుకోవడం ముఖ్యం.

కప్ప పోతే మనకేంటి?

‘కప్పలు చస్తే మనకేం నష్టం’ అనుకునేవారికి పనామా, కోస్టారికాలే సమాధానం చెబుతున్నాయి. ఆ దేశాల్లో కప్పలు క్షీణించిన ప్రాంతాల్లో తర్వాతి ఏళ్లలో మలేరియా కేసులు పెరిగినట్లు 2022లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. తీవ్రస్థాయిలో ఉన్నప్పుడు ఏడాదికి వెయ్యి మందికి ఒక కేసు చొప్పున అదనంగా నమోదైంది. దోమల లార్వాలను, దోమలను తినే జీవులు తగ్గిపోవడమే ఇందుకు కారణమని భావిస్తున్నారు. ఎల్ కోపెలో కప్పలు పోయాక వాటిని తిని బతికే పాముల వైవిధ్యమూ తగ్గింది. తోకకప్పలు లేని వాగుల్లో రాళ్లపై నాచు పేరుకుపోయింది. ఏటా వానాకాలంలో మలేరియా, డెంగీలతో సతమతమయ్యే మన ఏజెన్సీ గ్రామాలకు ఇది చిన్న విషయం కాదు.

కప్పల విలువను మన దేశం ఒకప్పుడు నష్టపోయే తెలుసుకుంది. విదేశాలకు కప్ప కాళ్లను విరివిగా ఎగుమతి చేసిన భారత్, చివరకు 1987లో ఆ వ్యాపారాన్ని నిషేధించింది. పంట పొలాల్లో పురుగులను తినే కప్పల సంఖ్య పడిపోతోందన్న ఆందోళనే అందుకు ప్రధాన కారణం. వేటను చట్టంతో ఆపగలిగాం. నీటిలో ఈదే శిలీంధ్రాన్ని చట్టంతో ఆపలేం. అది ఎక్కడుందో ముందుగా కనిపెట్టి, మన ద్వారా మరో చోటికి చేరకుండా చూసుకోవడమే మార్గం.

బూటు అడుగున ముప్పు

శిలీంధ్రం ఒక వాగు నుంచి మరో వాగుకు చేరడానికి తడి బూటు చాలు. వల, బకెట్టు, బండి చక్రానికి అంటిన బురద కూడా చాలు. అందుకే సర్వే బృందాలు ఒక వాగు దాటి మరో వాగులో అడుగుపెట్టే ముందు బూట్లకు అంటిన మట్టిని బ్రష్‌తో వదలగొట్టి, బ్లీచింగ్ ద్రావణంతో కడిగి, పూర్తిగా ఆరబెడతాయి. ఆ కడిగిన నీటిని వాగులో పోయకూడదు. జలపాతాలకు వెళ్లే పర్యాటకులు, చేపలు పట్టేవారు కూడా తమ సామగ్రిని కడిగి ఎండలో ఆరబెట్టుకుంటే మంచిది. అందుకు అయ్యే ఖర్చేమీ లేదు.

వైద్యం విషయానికి వస్తే, పట్టి ఉంచిన కప్పలను శిలీంధ్ర నాశక మందుతో నయం చేయవచ్చు. అడవిలోని వేలాది కప్పలకు, వాగు నీటికి మందు వేయడం మాత్రం సాధ్యమయ్యే పని కాదు. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధుల జాబితాలో చేర్చింది కూడా ముందస్తు సమాచారమే ప్రధాన రక్షణ కాబట్టే.

పాఠకులు గుర్తుంచుకోవాల్సినవి

* ఒకేచోట అనేక కప్పలు చనిపోయి కనిపిస్తే వట్టి చేతులతో తాకవద్దు. తేదీ, స్థలం రాసుకుని, ఫొటో తీసి అటవీశాఖ సిబ్బందికి తెలియజేయాలి. పురుగుమందుల వల్ల కూడా కప్పలు చనిపోవచ్చు. కారణం పరీక్షలోనే తేలుతుంది.
* పగటిపూట కదలకుండా కూర్చునే కప్ప, వెల్లకిలా పడేస్తే తిరిగి లేవలేని కప్ప, చర్మం అతిగా ఊడుతున్న కప్ప అనారోగ్యంతో ఉన్నట్లు లెక్క.
* కప్పలను, తోకకప్పలను ఒక చెరువు నుంచి మరో చెరువుకు తరలించవద్దు. పిల్లలు సీసాల్లో పట్టి తెచ్చినవాటిని తెచ్చిన చోటే వదలాలి.
* దుకాణాల్లో కొన్న విదేశీ కప్పలను, సాలమాండర్లను, అక్వేరియం నీటిని చెరువుల్లో, వాగుల్లో వదలకూడదు.
* పాఠశాలలు, కళాశాలల విద్యార్థులు తమ ఊరి చెరువు వద్ద వానాకాలం రాత్రిళ్లు పెద్దల తోడుతో వెళ్లి కప్పల అరుపులను నమోదు చేయవచ్చు. దీనికి కప్పను పట్టనక్కర లేదు. పట్టి నమూనా తీయాలంటే మాత్రం అటవీశాఖ అనుమతి, తగిన శిక్షణ తప్పనిసరి.

ఈ వానాకాలంలో ఏ జాతి కప్ప ఎక్కడ అరిచిందో నాలుగు ముక్కలు రాసి పెట్టుకుంటే, పదేళ్ల తర్వాత ఏదైనా మార్పు వచ్చినప్పుడు పోల్చి చూసుకోవడానికి అదే ఆధారమవుతుంది.